తలుపు దగ్గర అభిప్రాయాల పుస్తకం

మొన్న ఆదివారం మా మనవరాలి డాన్సు ప్రోగ్రాముకి నాంపల్లి వెళ్లాను. హాలు గుమ్మం పక్కన గోడకి ఒక కాగితం అంటించారు. దాని మీద నల్ల గళ్ల బొమ్మ, కింద "స్కాన్ చేసి మీ అభిప్రాయం చెప్పండి" అని. ఫోన్ ఎత్తిపడితే ఐదు నక్షత్రాలు వచ్చాయి. నా వెనకాల ఒకాయన, లోపల పిల్లలింకా గజ్జెలైనా కట్టుకోకముందే, ఐదూ నొక్కేసి "అయిపాయె. పా, జర చాయ్ తాగొద్దాం" అన్నాడు భార్యతో. నాకు నవ్వొచ్చింది. అంతలోనే మా పెదనాన్న గుర్తొచ్చి ఆ నవ్వు కాస్తా పోయింది. ఈ నాంపల్లిలోనే, ఇలాంటి హాలు గుమ్మం దగ్గరే, ఒకప్పుడు ఆయన ఒక బల్ల వేయించి, దాని మీద అభిప్రాయాల పుస్తకం పెట్టి, పెన్ను ఎవరైనా పట్టుకుపోతారని దారంతో కట్టాడు.

మా పెదనాన్న అబిడ్స్ పెద్ద పోస్టాఫీసులో ఉత్తరాలు సార్టింగ్ చేసేవాడు. కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగానికొచ్చి, రిటైరయ్యేదాకా ఊళ్లోవాళ్ల చేతిరాతలన్నీ చూసిన మనిషి. కవరు చేతికిస్తే చాలు, రాసింది ఆడా మగా, వయసెంత, కోపంలో ఉన్నారా తొందరలో ఉన్నారా చెప్పేసేవాడు. సగం గొప్పలేననుకోండి, కానీ మిగతా సగం నిజమయ్యేది. డ్యూటీలో ఉండగా ఇంటి నుంచి కబురొస్తే మాత్రం ఆయనకు ఒళ్లు మండేది. ఒకసారి గ్యాస్ అయిపోయిందని పెద్దమ్మ పక్కింటి నుంచి ఫోన్ చేస్తే, "ఉత్తరాల సంచీ మధ్యలో వదిలేసి వచ్చాను, గ్యాస్ కోసమా?" అని వారం రోజులు సణిగాడు. దాంతో ఆవిడ ఆఫీసుకి ఫోన్ చెయ్యడమే మానేసింది. ఈ ముక్క మేమంతా నవ్వుతాలుగా చెప్పుకునేవాళ్లం.

వాళ్లకు ఒక్కడే కొడుకు. నాకన్నా రెండేళ్లు పెద్ద, అన్నయ్యా అని పిలిచేదాన్ని. ఇంటర్ పరీక్షలు రాసిన ఎండాకాలంలో జ్వరమొచ్చి, అది ముదిరి, ఆస్పత్రిలో చేర్చిన నాలుగో రోజున పోయాడు. పెద్దమ్మ పక్కనే ఉంది. పెదనాన్న వచ్చేసరికి మొహం మీద దుప్పటి కప్పేశారు. ఎందుకు ఆలస్యమైందో ఆయన చెప్పలేదు, ఆవిడ అడగలేదు. ఆ తరవాత ఇరవయ్యేళ్లు ఆ ఇంట్లో కూరగాయల గురించీ కుళాయి నీళ్ల గురించీ తప్ప వాళ్లిద్దరూ మాట్లాడుకోగా నేను వినలేదు. అన్నయ్య పేరెత్తితే పెద్దమ్మ లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది. అది ఆయన మీద కోపమేనని మేమంతా అనుకున్నాం, ఆయనతో సహా.

రిటైరయ్యాక ఆయనకు నాటకాల పిచ్చి పట్టింది. ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత నాటకాల పుస్తకాలు ఏరుకొచ్చి, చదివి చదివి, చివరికి తనే ఒకటి రాశాడు. అందులో ఒక రైల్వే పార్సిల్ గుమాస్తా, అతని భార్య, జబ్బుపడ్డ కొడుకు. గుమాస్తా వేషం తనదే. రిహార్సల్స్‌కి ఇంట్లోవాళ్లనెవర్నీ రానివ్వలేదు. "మీ పెద్దమ్మ ముందు వరసలో కూర్చోవాలి. ఆ పూచీ నీదే" అని మాత్రం నాతో అన్నాడు. గన్‌ఫౌండ్రీలో నేను పనిచేసే బ్యాంకు నుంచి నలుగురైదుగురిని కూడా లాక్కెళ్లాను. పాపం, నా మొహం చూసి వచ్చారు.

హాల్లో అరవై మంది ఉంటారేమో. మొదటి అరగంటలోనే కుర్చీలు కిర్రుమనడం మొదలైంది. డైలాగులన్నీ గజాల కొద్దీ పొడుగు. తల్లి వేషం వేసినావిడ ఏడుపు ఫ్యాన్ల చప్పుడులో కలిసిపోయింది. ముఖ్య అతిథిగారు చేతులు కట్టుకుని హాయిగా నిద్రపోయారు. మా క్యాషియర్ నా వైపు వంగి, "మేడమ్, నాటకం మంచిగనే ఉన్నది గానీ జర లంబా అయితున్నది. నాకు గాడ పనున్నది" అని చెప్పి, ఆ గాడ ఎక్కడో చెప్పకుండా వెళ్లిపోయాడు. అతన్ని చూసి ధైర్యం తెచ్చుకుని ఒక వరస మొత్తం లేచింది.

అప్పుడొచ్చింది ఆస్పత్రి సీను. కొడుకు చనిపోయి మంచం మీద ఉన్నాడు. గుమాస్తా పరుగెత్తుకొచ్చి మంచం పట్టుకున్నాడు. కోళ్లు సరిగ్గా బిగించలేదో ఏమో, మంచం ఒక పక్కకి కూలిపోయింది. శవం ఉలిక్కిపడి, చేతులు నేలకానించి లేచి కూర్చుంది. వెనకనుంచి ఎవడో "అరె, బతికిండు రో!" అని అరిచాడు. హాలంతా గొల్లుమంది. ఈలలు కూడా వేశారు. నేనూ నవ్వాను. రాయడానికి సిగ్గుగా ఉంది గానీ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్లనీళ్లొచ్చేలా నవ్వాను. ఆ గోలలో పెదనాన్న ఏదో డైలాగు చెప్పాడు, ఎవరికీ వినపడలేదు. ఆయన అక్కణ్ణుంచి కదల్లేదు. గోల తగ్గేదాకా ఆగి, ముందు వరస వైపు చూస్తూ మళ్లీ చెప్పాడు: "పన్నెండింటికే కబురందింది. చేతిలో పని ముగించి వద్దామని గంటసేపు కూర్చున్నాను. ఆ గంటలోనే వాడు పోయాడు."

అది రైల్వే గుమాస్తా మాట కాదని నాకర్థమైంది. నవ్వుతున్న నా నోటి మీద నాకే అసహ్యమేసింది. పక్కకి చూస్తే పెద్దమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుని, రెప్ప వెయ్యకుండా ఆయన్నే చూస్తోంది. ఏడవలేదు. వెనకాల ఇంకా ఎవరో కిసుక్కుమంటూనే ఉన్నారు.

నాటకం అయ్యాక జనం గుమ్మం దగ్గరి అభిప్రాయాల బల్లకి దూరంగా, గోడవారగా జారుకున్నారు. పుస్తకంలో రాసినవాళ్లు ముగ్గురే. ఒకరు సౌండు బాగాలేదన్నారు, ఒకరు మంచం సీను అదిరిందన్నారు, మూడోవారు సంతకం చేసి ఊరుకున్నారు. నాకు మనసొప్పలేదు. ఆయన రంగు కడుక్కుని వచ్చేలోగా అక్కడే నిలబడి తొమ్మిది అభిప్రాయాలు రాసేశాను. కొన్ని వాలుగా, కొన్ని గుండ్రంగా, ఒకటి ఎడం చేత్తో. తరవాత ఆయన మా అందర్నీ మొజంజాహీ మార్కెట్‌కి ఐస్‌క్రీముకని తీసుకెళ్లాడు. నాటకం బాగా ఆడితే తీసుకెళ్తానని ముందే మాటిచ్చాడు మరి. పెద్దమ్మ కప్పులో ఐస్‌క్రీము కరిగి నీళ్లయ్యేదాకా స్పూను అలాగే పట్టుకుని కూర్చుంది.

మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి పుస్తకం ముందేసుకుని ఉన్నాడు. "తొమ్మిదీ నువ్వే రాశావుటే? చెయ్యి నొప్పి పుట్టలేదూ?" అన్నాడు. చేతిరాతల మనిషి దగ్గర ఎంత తెలివితక్కువ పని చేశానో అప్పుడు తెలిసింది. ఆయనకి కోపం రాలేదు. "మీ పెద్దమ్మ ఏమైనా రాసిందేమోనని చూశాను" అన్నాడు మెల్లిగా.

"అడగొచ్చుగా పెదనాన్నా."

"అడిగే మొహమే ఉంటే ఈ నాటకమెందుకే?"

ఆ పుస్తకాన్ని పెన్నుతో సహా ఇంటి హాల్లో టీవీ పక్కన పెట్టాడు. ఆరేళ్లు అది అక్కడే ఉంది. పెద్దమ్మ శుక్రవారం శుక్రవారం దాన్నెత్తి, కింద దుమ్ము తుడిచి, మళ్లీ అక్కడే పెట్టేది. ఆవిడ చెయ్యి దాని మీద పడ్డప్పుడల్లా ఆయన పేపరు దించి చూసేవాడు. ఒకసారి నా కళ్లతో చూశాను. ఆవిడ వంటింట్లోకి వెళ్లగానే పుస్తకం చివరి పేజీ తిప్పి చూసుకుని, మళ్లీ పేపరెత్తుకున్నాడు.

ఆయన పోయిన పదమూడో రోజు, చుట్టాలంతా వెళ్లాక, పెద్దమ్మ "ఆ పుస్తకం ఇలా తే" అంది. పెన్ను ఎండిపోతే నా పెన్నిచ్చాను. మోకాళ్ల మీద పెట్టుకుని చాలాసేపు రాసింది. తీరా చూస్తే మూడు వాక్యాలే. "డాక్టరు మీకు కబురు చెయ్యమన్నది పొద్దున పదింటికి. విసుక్కుంటారని భయపడి నేను ఫోన్ చేసింది పన్నెండింటికి. నాటకంలో అది లేదు."

నేను చదివి తలెత్తాను. "ఇది తెలిస్తే నన్నిక జన్మలో క్షమించరనుకున్నానే" అంది పెద్దమ్మ, ఆయన కుర్చీ వైపు చూస్తూ. అన్నయ్య పోయాక ఆవిడ ఏడవడం నేను చూసింది ఆ రోజే.

ఇప్పుడు ఆవిడా లేదు. పుస్తకం నా బీరువాలో ఉంది. మొన్న ఆ హాలు గుమ్మంలో నక్షత్రాలేవీ నొక్కకుండానే లోపలికి వెళ్లి కూర్చున్నాను. వాళ్లిద్దరికీ ఒకే కప్పు కింద ఇరవయ్యారేళ్లు దొరికాయి. చెప్పుకోవాల్సింది రెండు నిమిషాల మాట.