ఆపైన?

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో పులివెందులలో నాకు వైద్యం చేసిన డాక్టరు సాబు, మొదటి రోజే మా అమ్మను బయటికి పంపారు. అప్పట్లో రోగి బాధ ఇంట్లో పెద్దవాళ్లే చెప్పేవారు.

"వానికి చెప్పుకునేది రాదు సాబూ, నేను చెప్తా," అంది అమ్మ.

"నువ్వు చెప్తే జబ్బు నీదైతాదమ్మా. బయట కూచో."

పెన్నేరు దాటుతూ నా కళ్లముందే అన్న కొట్టుకుపోయాడు. అప్పటినుంచి బిందెలో నీళ్లు పోసిన చప్పుడుకే నాకు ఊపిరి ఆడేది కాదు. ఇంట్లో తాయెత్తు కట్టించారు, అన్న పేరెత్తడం మానేశారు.

సాబు ప్రతి ఆదివారం తలుపు మూసి, చేతి గడియారం విప్పి సొరుగులో పెట్టి, నా పక్కన కూర్చునేవారు. నేను ఆగిన చోటల్లా "ఆపైన?" అనేవారు. మునిగేముందు అన్న నన్ను పేరు పెట్టి పిలిచాడని మొదట ఆ గదిలోనే చెప్పాను. చెప్పి ఏడ్చాను. ఆయన ఊరుకోమనలేదు. ఏడుపు తగ్గాక, మెల్లగా, "ఆపైన?" అన్నారు.

కొన్నేళ్లకు ఆయన పోయారని కబురొచ్చింది. సొంతూరు జమ్మలమడుగులో మట్టి చేస్తారట. ఆఖరిచూపుకు అక్కడికి పోవాలంటే పెన్నేరు దాటాలి.

"దిగప్పా, మోకాల్లోతు నీళ్లకు ఏంది ఆలోచన?" అని నన్ను ఏటి దాకా తెచ్చిన బండాయన నవ్వి ముందు నడిచాడు. నేను గట్టు మీదే నిలబడ్డాను.

"భయమైతాంది సాబూ," అన్నాను పైకే.

నీళ్ల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. "ఆపైన?" అని నన్ను నేనే అడిగి, ఏట్లో కాలు పెట్టాను.