సీసం కూర్చున్న కుర్చీ

నర్సీపట్నం నుంచి కొయ్యూరు కొండెక్కే జీపుల్లో ముప్ఫై నా బ్యాటరీల మీదే నడిచేవి. మా ఆవిడ లెక్కలో అవి మూడు. నేను చెప్పే ఏ అంకెనైనా పదితో భాగించి వినడం పెళ్ళైన వారానికే అలవాటు చేసుకుంది.

ఇంటి వెనకాలే నా జింకు రేకుల షెడ్డు. పాత బ్యాటరీలు విప్పి, అందులో సీసం తీసి, ఇనుప మూకుట్లో కరిగించి కొత్త టెర్మినళ్ళు పోసేవాణ్ణి. మధ్యాహ్నం మూడు గంటలకి, కరిగిన సీసం మీది తెట్టును గరిటెతో పక్కకి నెడితే పట్టపగలే చంద్రుడు బయటపడేవాడు. తాండవ రిజర్వాయరు నీళ్ళన్నీ ఎవరో మడిచి ఆ మూకుట్లో పెట్టినట్టుండేది. దాన్ని చూస్తూ చూస్తూ నేనూ కొంచెం కరిగేవాణ్ణి. ఒళ్ళంతా మత్తు. అప్పుడప్పుడూ పొట్టలో మెలిపెట్టేది, స్పానరు నా చేతిలో భజన చేసేది. వయసు కదా అనుకున్నాను. పొగకి విరుగుడని పూటకో బెల్లం ముక్క కూడా తింటున్నాను మరి.

ఆ రోజుల్లోనే మా అమ్మాయికి ఏడో నెల వచ్చింది, పురిటికి తీసుకురావాలి. సరిగ్గా అప్పుడే విశాఖపట్నం నుంచి ఒక బృందం, బ్యాటరీ పనివాళ్ళకి ఉచితంగా రక్తం పరీక్ష చేస్తామని వచ్చింది. మా ఆవిడ రెండింటినీ ముడేసింది.

"నీ రత్తం బాగుంటే సరే. నేకపోతే ఆ మూకుడు తీసెయ్యాల. కడుపుతో ఉన్న పిల్లని ఈ పొగలోకి నాను తేను. సెప్తున్నాను."

"నా రక్తానికేం? ఊరంతటికీ సరిపోద్ది."

"ఊరికొద్దు. నీకు సరిపోతే సాలు."

బృందంలో కళ్ళద్దాల ల్యాబు అమ్మాయి ఒకామె ఓపిగ్గా వివరించింది. రక్తంలో ఒక ఎంజైము ఉంటుందట, ఎర్ర రక్తం తయారీలో దానికి పని. దానికి పక్కన జింకు తోడుండాలి. సీసం వచ్చి జింకును తోసేసి ఆ కుర్చీలో కూర్చుంటే ఎంజైము చేతులు ముడుచుకుంటుంది. అది ఎంత మందగించిందో కొలిస్తే ఒంట్లో సీసం సంగతి తెలుస్తుంది.

"అయితే జింకు ఇంకొంచెం ఎక్కువుంటేనో?" అన్నాను, లోకజ్ఞానం కోసం.

"ఎంజైము మళ్ళీ లేచే అవకాశం ఉందండీ," అంది పాపం, తెలివైన శిష్యుడు దొరికాడనుకుని. రెండు వారాల్లో వచ్చి రక్తం తీసుకుంటామంది.

ఆమె జీపు మలుపు తిరిగేలోపు నేను మెడికల్ షాపులో ఉన్నాను. జింకు మాత్రలు పూటకొకటి చొప్పున రోజుకి రెండు. అట్ట డిస్టిల్డ్ వాటరు పెట్టెల వెనక దాచాను.

ఆ మధ్యాహ్నాలు నిద్ర బాగా పట్టేది. పైన జింకు రేకుల మీద వాన, పొట్టలో జింకు మాత్ర, మధ్యలో నేను. ఒకనాడు కల వచ్చింది. నా రక్తం బస్‌స్టాండు హోటల్ వంటిల్లయింది. వంటమనిషి కునికిపాట్లు పడుతున్నాడు. అతని సహాయకుడి కుర్చీలో సీసం, పిలవని పెళ్ళికొచ్చిన లావుపాటి చుట్టంలా కూర్చునుంది. ఇంతలో తెల్లచొక్కాల జింకులు వెయ్యి మంది ఎవరి కుర్చీ వాళ్ళు నెత్తిన పెట్టుకుని వరసగా వచ్చారు. పొయ్యిలు అంటుకున్నాయి. సీసం మాత్రం వీధిలోకి పోలేదు. నింపాదిగా లేచి, వెనక గదిలో చాప పరుచుకుని గుర్రు పెట్టింది. ఆ గురక మెలకువ వచ్చాక కూడా వినపడింది.

రక్తం తీశారు. ఎంజైము ఫలితం ముందొచ్చింది: బాగుంది. కోటవురట్ల ట్రాక్టర్లవాళ్ళ దాకా చాటించాను. మా ఆవిడ వెళ్ళి అమ్మాయిని తీసుకొచ్చింది. పిల్ల రోజూ మధ్యాహ్నం తల ఆరబెట్టుకుంటూ షెడ్డు గుమ్మంలో కూర్చుని నా చంద్రుణ్ణి చూసేది.

నాలుగో రోజు ల్యాబు అమ్మాయి ఫోను.

"మీ ఎంజైము బాగుందండీ. కానీ సీసాన్ని నేరుగా కొలిస్తే చాలా ఎక్కువుంది. రెండూ కలవడం లేదు. జింకు ఏమైనా వాడారా?"

గుమ్మంలో అమ్మాయి పొట్టమీద చెయ్యేసుకుని ఆవలించింది. వెనక గదిలో గురక నాకు మళ్ళీ వినపడింది.

"వాడానమ్మా."

"అది ఎంజైమును లేపింది, సీసాన్ని బయటికి పంపలేదు. ఇంట్లో గర్భిణులు ఉన్నారా?"

ఫోను పెట్టేసి, మూకుడు కింద మంట ఆర్పి, వంటింట్లోకి వెళ్ళాను. మా ఆవిడ బెండకాయలు తరుగుతోంది.

"జింకు మాత్రలు మింగాను. పరీక్షని మోసం చేశాను."

"ఎన్ని?"

"ఇరవై ఎనిమిది."

"రెండో మూడో అన్నమాట."

"కాదే. ఇరవై ఎనిమిది. ఒట్టు."

కత్తిపీట ఆగింది. నా మొహంలోకి చూసింది. తిట్టలేదు, అదే భయమేసింది.

"పిల్లని ఆ గుమ్మంలోంచి నెగమను. బేగి."

ఆ సాయంత్రమే అమ్మాయి కోటవురట్లలో వాళ్ళ పిన్నిగారింటికి వెళ్ళింది. పిల్లకీ రక్తం పరీక్ష చేశారు. భయపడేంత లేదన్నాక గానీ మా ఇంట్లో అన్నం ఉడకలేదు. మిగిలిన సీసం, మూకుడు, పాత సామాను, పాత బ్యాటరీలు కొనే కంపెనీ వ్యానెక్కాయి. ఇల్లంతా దుమ్ము రేగకుండా తడిగుడ్డతో తుడిచాను, వారంపాటు. మా ఆవిడ కూడా వారమనే ఒప్పుకుంటుంది. ఇప్పుడు కొత్త బ్యాటరీలు అమ్ముతాను, అంతే. మధ్యాహ్నం మూడయ్యేసరికి మాత్రం చెయ్యి ఖాళీ గాల్లో గరిటె తిప్పుతుంది.

ఆరు నెలలకి మళ్ళీ పరీక్ష. ఈసారి పొట్టలో అన్నం తప్ప ఏమీ లేదు. సీసం తగ్గిందట. ఎంజైము మాత్రం కిందటిసారి కంటే తక్కువే ఉందట. జింకు మాత్రలు వేసిన దొంగ కుర్చీలు తీసేశాం కదా, నెమ్మదిగా లేస్తుందంది ల్యాబు అమ్మాయి.

ఇంటికొచ్చాను. మా ఆవిడ మనవరాలి ఉయ్యాల ఊపుతోంది.

"సీసం ఎంతొచ్చింది?"

"ఇరవై ఆరు. కిందటిసారి నలభై రెండు."

ఉయ్యాల తాడు పట్టుకుని ఆపింది.

"ఇరవై ఆరా," అంది. భాగించలేదు.