గవర్నర్‌పేటలో రెండు టీలు

పెళ్లి కాకముందే పెళ్లాన్ని పోగొట్టుకోబోయిన మగాణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి. అదీ టీ తాగి!

అప్పట్లో నేను విజయవాడ గవర్నర్‌పేటలో ఒక ఎలక్ట్రికల్ హోల్‌సేల్ షాపులో బిల్లులు కొట్టేవాణ్ణి. గుడివాడ నుంచి సంబంధం వచ్చింది. అమ్మాయి పేరు ప్రసన్న. పెళ్లిచూపుల్లో ఆమె నవ్విన ఒక్క నవ్వుకే నా పని అయిపోయింది. వాళ్లకీ నచ్చాను. ఇక మిగిలింది ఎంక్వైరీ. మా వైపు పెళ్లిచూపులు పైపై తంతు, అసలు పరీక్ష ఆ తర్వాతే. అమ్మాయి తరఫు మనిషెవరో చెప్పాపెట్టకుండా వచ్చి, కుర్రాడి గుణగణాలు ఆరా తీసి వెళతాడు.

అందుకని షాపుకొచ్చిన ప్రతివాణ్ణీ అనుమానించాను. స్విచ్చి బోర్డు కొనడానికి వచ్చినవాడికి కూడా కుర్చీ వేసి కూల్‌డ్రింకు ఇచ్చాను. ఓనరుకి నా మీద అనుమానం వచ్చింది.

ఆదివారం షాపుకి సెలవు గనక నా మర్యాదకీ సెలవే. ఆదివారాలు నేను హీరోని. మా స్నేహితుడు రఘు పెళ్లిళ్ల ఫొటోగ్రాఫరు దగ్గర కెమెరా అరువు తెచ్చి ఆర్టు సినిమా తీస్తున్నాడు. భార్య పోయాక, ఆవిడ ఇంకా పక్కనే ఉందనుకుని రోజూ రెండు టీలు చెప్పే ఒంటరివాడి కథ. డబ్బివ్వక్కర్లేని నటుడు కావాల్సొచ్చి నన్ను పెట్టుకున్నాడు. సినిమావాడంటే పిల్లనివ్వరని ఇంట్లో చెప్పలేదు.

"కెమెరా టీకొట్టు ఎదురు లాడ్జి కిటికీలో ఉంటుంది, మైకు నీ జేబులో. నీకు చెప్పకుండా మనుషుల్ని పంపిస్తాను, ఎవడేమడిగినా పాత్రలోంచి బయటికి రావద్దు" అన్నాడు రఘు.

ఇంకేం, ఆదివారం కూడా అందరి మీదా అనుమానమే. కాకపోతే ఈసారి అంతా రఘు మనుషులే అనిపించారు.

ఆ ఉదయం టీకొట్టు దగ్గర ఇస్త్రీ చొక్కా పెద్దమనిషి ఒకాయన పేపరు చాటు నుంచి నన్నే చూస్తున్నాడు. 'దొరికావు. నటన రాదుగానీ చొక్కా బాగుంది' అనుకున్నాను. ఆయన టీగ్లాసుతో మెల్లిగా దగ్గరికొచ్చాడు.

"ఈ స్టూలు ఖాళీయేనా బాబూ?"

"కాదండీ. మా ఆవిడ కూర్చుంది."

ఆయన ఖాళీ స్టూలునీ, దాని ముందు ఆవిర్లు కక్కుతున్న టీనీ చూశాడు. "మీకు... పెళ్లయిందా?"

"అయి చాన్నాళ్లైందండీ."

"ఇంట్లోవాళ్లకి తెలుసా?"

"తెలిస్తే ఉండనిస్తారాండీ? తీసుకుపోతారు."

ఆయన చేతిలో టీ చొక్కా మీద ఒలికింది. ఆహా, ఇప్పుడు నటిస్తున్నాడు! నాకు ఊపొచ్చింది. కళ్లలో నీళ్లు కూడా తెచ్చుకున్నాను.

"మరి ఇంకో సంబంధమేదైనా వస్తే?" అన్నాడాయన.

"చేసుకుంటానండీ. ఈవిడేమీ అనుకోదు. సర్దుకుపోయే మనిషి."

ఆయన ఒక దణ్ణం పెట్టి, దొరికిన ఆటో ఎక్కి పారిపోయాడు.

లాడ్జి మెట్లు రెండేసి ఎక్కి వెళ్లాను. "నువ్వు పంపినాయన చివర్లో అదరగొట్టాడ్రా!"

రఘు తెల్లమొహం వేశాడు. "నేనివాళ ఎవర్నీ పంపలేదే!"

అప్పుడే అమ్మ ఫోను. "ఒరేయ్, నీకు పెళ్లయిందటగా! ప్రసన్న మేనమామ కోటేశ్వరరావుగారు కళ్లారా చూశారట, ఆటోలోంచే ఫోను చేశారు. ఎవర్తిరా అది?"

"ఆవిడ లేదమ్మా!"

"అయ్యో, పోయిందా?"

"అసలు లేదే!"

"లేకపోతే ఆ రెండో టీ ఎవరు తాగార్రా?"

"నేనేనమ్మా, రెండూ నేనే!"

అమ్మ ఏడుపు లంకించుకుంది. పిచ్చివాడనుకున్నా పెళ్లయితే కుదురుతాడని ఎవరైనా సర్దిచెప్పేవారు. పెళ్లయినవాడికి ఏం సర్దిచెబుతారు? నిజం చెబుతున్నాను, ప్రసన్న ఇక దక్కదేమోనని భయమేసింది.

రఘునీ, లాప్‌టాప్‌నీ వెంటబెట్టుకుని గుడివాడ బస్సెక్కాను. హాల్లో అందరూ నన్ను దొంగని చూసినట్టు చూశారు. ప్రసన్న తలుపు పక్కన నిలబడింది, మొహాన ఆ నవ్వు లేదు. రఘు వీడియో పెట్టాడు.

"ఇప్పుడివన్నీ కంప్యూటర్లోనే చేసేస్తున్నారంట కదండీ" అన్నారు కోటేశ్వరరావుగారు, అనుమానంగా.

ఇంతలో తెర నిండా ఆయన మొహం వచ్చింది. ఆయన కళ్లజోడు తుడుచుకుని పెట్టుకున్నారు.

"ఒకసారి వెనక్కి పోనివ్వండి." చూశారు. "మళ్లీ." చూశారు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "బాగానే చేశాను కదూ?" అన్నారు.

"సినిమాకి ప్రాణమే మీరండీ" అన్నాడు రఘు. వాడు దర్శకుడయ్యేది అప్పుడే ఖాయమైంది.

తలుపు పక్క నుంచి ప్రసన్న నవ్వు వినిపించింది. నాకు పోయిన ఊపిరి తిరిగొచ్చింది.

కోటేశ్వరరావుగారు మాత్రం రఘు చెయ్యి వదల్లేదు. "ఈ సీను తీసెయ్యరు కదా? మాటిస్తేనే ముహూర్తాలు."

మాటిచ్చాం. ఆ ఒంటరివాడి సినిమాని బెంజ్ సర్కిల్ దగ్గర చిన్న హాల్లో వేస్తే గుడివాడ నుంచి పెళ్లికి తరలినట్టు తరలివచ్చారు. నేను ఏడ్చిన చోట ఒక్కరూ ఏడవలేదు. మేనమామగారు టీ ఒలకబోసుకుంటే ఈలలేశారు.

ఆనాడే సర్వదేవతల సాక్షిగా శపథం చేశాను: ఈ జన్మలో నా నోటితో రెండు టీలు చెప్పను. ఇప్పటికీ ఏ టీకొట్టుకి వెళ్లినా నాది నేనే చెప్పుకుంటాను, పక్కనున్న ప్రసన్న తనది తనే చెప్పుకుంటుంది. వాళ్ల మేనమామ వెంట ఉంటే మాత్రం, ఆయనే మూడు చెప్పి, ఖాళీ స్టూలు వైపు చూసి, నా వైపు వంగి ఒక్క మాట అడుగుతారు:

"ఆ పెద్దావిడకి కూడా ఒకటి చెప్పమంటారా, అల్లుడుగారూ?"