కోట గోడలో గవ్వ

ఉదయగిరి కోట చూద్దామని ఒకసారి కావలిలో బస్సెక్కాను. నా పక్క సీట్లో, ఎండుచేపల గంప కాళ్ళ దగ్గర పెట్టుకుని సముద్రం ఒడ్డు ఊరు జువ్వలదిన్నె ఆవిడ కూర్చుంది. పేరు అడగలేదు. ఎక్కడికని ఆమే అడిగింది. రాజులు కట్టించిన కోటకని చెప్పాను.

“అందులో సగం మా ఆయనే కట్టినాడులే,” అంది మూతి తిప్పుతూ.

సముద్రంలో చేపల వేట నిషేధం ఉన్న రోజుల్లో పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. అలాంటి ఒక ఎండాకాలం ఆమె భర్త కోట గోడ మరమ్మతుకు కూలికి వెళ్ళాడట. పచ్చి సున్నంలో ఆమె పేరు చెప్పుకుని ఒక గవ్వ అదిమి వచ్చానని ఇప్పటికీ అంటుంటాడట.

“పెద్ద వాకిలి పక్కన, మోకాలెత్తున ఉండాదంట. అంతా అబద్ధం. పదేళ్ళుగా దీని మీదే పోట్లాట మాకు. సంత వదిలిపెట్టి నేను కొండెక్కేదెట్టా? నువ్వన్నా చూసి చెప్పు నాయనా.”

కొండెక్కాక నేను ముందు ఆ గోడనే వెతికాను. గవ్వ ఉంది. చిన్నది, అంచు కాస్త విరిగింది.

సాయంత్రం తిరుగు బస్సులో ఖాళీ గంపతో ఆమె మళ్ళీ కనిపించింది. ఫోనులో ఫొటో చూపించాను. చేతులు కొంగుకు బాగా తుడుచుకుని అందుకుంది.

“మీ ఆయన చెప్పింది నిజమే అక్కా,” అన్నాను.

“ఆయనతో లేదనే చెప్తా,” అంది, తల ఎత్తకుండా.

కావలి వచ్చేదాకా ఫోను నాకు తిరిగి ఇవ్వలేదు.