జానా నాలుగు వేళ్లు

విశాఖ నుంచి చీపురుపల్లి దగ్గరి మా ఊరికి కోర్గీ కుక్కపిల్లను తెచ్చిన రోజు, ఇది ఆవుల్ని కాసే జాతి అని నాన్న ముందు గొప్పలు పోయాను. అదే నేను చేసిన పొరపాటు. ఆవుల్ని కాసేదంటే కనీసం ఆవు పొట్టదాకా ఎదుగుతుందనుకున్నాడు నాన్న. సంతకెళ్లి పెయ్యదూడకు కట్టే గంట కొనుక్కొచ్చి దాని మెడలో కట్టాడు. గంట నేలకు రాసుకుంది.

అప్పటినుంచి ప్రతి ఆదివారం, సంతలో దూడల్ని చూసినట్టే, దాని భుజం ఎత్తు జానలతో కొలిచేవాడు. ఒళ్లు పెరిగింది. చెవులు ఇంకా పెరిగాయి. కాళ్లకు మాత్రం ఆ ఉద్దేశమే ఉన్నట్టు లేదు.

"దూడకి ముందు కాళ్లొస్తాయి, తర్వాత ఒళ్లొస్తాది. దీనికి కాళ్లు ఎనకనొస్తాయి, సూడు," అనేవాడు నాన్న.

"ఓలమ్మా, వచ్చిన కాళ్లు అవే కదేటి!" అని అమ్మ పొట్ట పట్టుకుని నవ్వేది.

ఏడాది నిండింది. జానా నాలుగు వేళ్లు, అంతే. ఆ రోజు నాన్న మొహం మాడ్చుకుని ఆవుల్ని తోలుకుని పొలానికి వెళ్లిపోయాడు. కుక్క ఆయన వెంటపడింది.

సాయంత్రం గంట మోత వినిపిస్తే అమ్మా నేనూ వీధిలోకి పరుగెత్తాం. మాకున్నవి నాలుగు ఆవులు. నాలుగూ బుద్ధిగా వరసలో వస్తున్నాయి. వాటి వెనక, పంచె ఎగ్గట్టి, మడమలు కాపాడుకుంటూ, గెంతుకుంటూ నాన్న వస్తున్నాడు. అందరికంటే వెనక అది.

మొత్తం ఐదింటినీ ఇంటికి తోలుకొచ్చింది.