ఎచ్చెర్ల గుర్రప్పిల్ల, సూరి మావయ్య తోక పరీక్ష

భోగాపురంలోని మా ఇంటి నుంచి నేను పంతులమ్మగా పాఠాలు చెప్పే సముద్రపు ఒడ్డు పల్లెకు నాలుగు మైళ్ల ఇసుక దారి. బస్సు రాదు. సైకిలు చక్రం కూరుకుపోతుంది. నడిచి వస్తే ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది. నన్ను విజయనగరంలో బి.ఏ. దాకా చదివించిన నాన్నే వేసవి సెలవులు ఇవ్వగానే తేల్చి చెప్పేశారు: "బడి తెరిచేలోగా పొద్దుండగా ఇంటికొచ్చే ఉపాయం చూసుకో. లేదంటే రాజీనామా రాసెయ్." నాకు తోచిన ఉపాయం గుర్రం. అటక మీద తాతగారి జీను ఎలాగూ ఉంది. విజయనగరంలో ఒక జట్కా గుర్రాన్ని చూశాను కానీ, దాని ధర నాకు అందేలా లేదు. ఎచ్చెర్ల దగ్గర కళ్లెం ఎరగని ఆడ గుర్రప్పిల్ల చౌకగా ఉందని తెలిసింది. ఎందుకంత చౌకో మాత్రం ఎవరూ చెప్పలేదు. అది తెలుసుకోవడానికే బయల్దేరాను.

తోడు మా అమ్మ తమ్ముడు సూరి మావయ్య. ఆయన చూసి ఊఁ అనకపోతే మా చుట్టుపక్కల ఎవరూ సంతలో ఎడ్లు కొనరు. ఉదయం ఆరింటికి శ్రీకాకుళం బస్సు, టిక్కెట్టు రూపాయికి కాస్త పైన. మీరు వెళ్తే ఎడమవైపు కూర్చోండి, పొద్దుటి ఎండ తగలదు. మావయ్యను ఎరిగిన కండక్టరు నన్ను చూసి, "ఏటి బావా, పెళ్లిసూపులకేటి?" అన్నాడు.

"ఔను. పెళ్లికూతురికి నాలుగు కాళ్లు," అన్నాడు మావయ్య గంభీరంగా.

ఎచ్చెర్లలో దిగి జీడితోటల్లోంచి రెండు మైళ్లు నడిస్తే అప్పన్న ఇల్లు. అతను జట్కా తోలుతాడు. బండి లాగే గుర్రం తల్లి, మూడేళ్లు నిండబోతున్న చామనఛాయది కూతురు. మావయ్య కండువా బిగించి పనిలోకి దిగాడు. నోరు తెరిచి చూసి, "పైపల్లు కూడా ఉన్నాయేటి దీనికి!" అని ఆశ్చర్యపోయాడు. ఎద్దుకు ముందరి పైపళ్లు ఉండవు మరి. వీపు నిమిరాడు, సుడులు వెతికాడు. చివరికి చలాకీతనం చూడాలని, ఎద్దుకు చేసినట్టే, తోక పట్టుకుని మెలిపెట్టాడు. మరుక్షణం మావయ్య గడ్డిమేటులో ఉన్నాడు. దెబ్బ తొడకు రాసుకుపోయింది, అంతే.

"పొగరుమోతుది! పదవే, పోదాం," అన్నాడు గడ్డి దులుపుకుంటూ.

అప్పన్న తల వంచుకున్నాడు. "ఇంతకు ముందొచ్చినోల్లందర్నీ ఇలాగే తన్నీసినాదమ్మా. అందుకే ఎవులూ కొనట్లేదు."

"వాళ్లూ తోక మెలిపెట్టారా?" అని అడిగాను.

"ఎడ్ల రైతులు కదమ్మా! మరెలా సూత్తారు?"

లోపలి నుంచి అతని భార్య పకపకా నవ్వింది. "నా తోక మెలెడితే నేనూ తందును!"

చౌక ఎందుకో తెలిసిపోయింది. కానీ తన్నడానికి కారణం తెలిసినంత మాత్రాన స్వారీ వచ్చేస్తుందా? పైగా బడి తెరవడానికి ఉన్నది ఒక్క వేసవి. నేను బెల్లం ముక్క తీసుకుని గుర్రప్పిల్ల వైపు నడిచాను.

"ఒసే, అది నిన్ను తంతే మీ అమ్మకి నేనేటి సెప్పాలి?"

"తోక ముట్టుకోలేదని చెప్పు మావయ్యా."

భుజం పక్కన కదలకుండా నిలబడ్డాను. చెవులు వెనక్కి వాలాయి, తర్వాత ఒకటి నావైపు తిరిగింది. బెల్లం తిన్నది. సంచిలోంచి నా పొందూరు దుప్పటి తీసి, మడిచి వీపు మీద వేస్తే ఒళ్లు జలదరించింది కానీ పారిపోలేదు. రెండు చేతులూ ఆనించి బరువు వేశాను. మెడ తిప్పి నన్ను వాసన చూసింది. ఇంటి పక్క వాగు ఇసుకలోకి నడిపిస్తే నాకంటే ముందు నడిచింది. బడిలో మొదటి రోజు పలక పట్టుకున్న పిల్లలు ఇలాగే చూస్తారు. ఏమీ రానివాళ్లకు నేర్పడమే కదా నా ఉద్యోగం! కొంటున్నానని చెప్పేశాను.

"తన్నినందుకు ధర తగ్గించు," అన్నాడు మావయ్య.

"మెలెట్టినందుకు నేను పెంచాల," అన్నాడు అప్పన్న. ఇద్దరూ మొదటి ధరకే వచ్చారు. అప్పన్న భార్య పోసిన చోడి అంబలి, అదే రాగి జావ, తాగి, పిల్లను తల్లి జట్కా వెనక కట్టి, రాత్రికి రణస్థలంలో ఆగి, మర్నాటికి ఇల్లు చేరాం.

వేసవి అంతా దాని వీపు మీద ముందు గోనె సంచి, తర్వాత తాతగారి జీను, చివరికి నేను. అప్పన్న అప్పుడప్పుడూ వచ్చి మెళకువలు చెప్పేవాడు. చాలాసార్లు పడ్డాను. ఇసుక కాబట్టి బతికాను. బడి తెరిచిన రోజు సాయంత్రం ఇసుక దారిలో చేపల తట్టలతో వస్తున్న ఆడవాళ్లు ఆగిపోయి, "ఓలమ్మా, పంతులమ్మ గుర్రమెక్కీసినాదే!" అని కేకలు పెట్టారు. నేను ఇంటి ముందు దిగేసరికి పొద్దు ఇంకా తాటితోపు పైనే ఉంది. నాన్న అరుగు మీద నుంచి పొద్దును చూశారు, నన్ను చూశారు. లోపలికి తిరిగి, "గుర్రానికి ఉలవలు ఉడకెయ్యండి!" అని కేకేశారు. రాజీనామా మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ నాలుగు మైళ్లూ ఇప్పుడు నాకు దూరం కాదు, రోజులో నాకు దొరికే పండుగ. దేన్నైనా పొగరుమోతు అంటుంటే, ముందు దానికి ఏం చేశారో అడగాలని అదే దారిలో అనుకుంటూ ఉంటాను. మీరూ లేత గుర్రాన్ని చూడ్డానికి వెళ్తే పొద్దున్నే వెళ్లండి, బెల్లం పట్టుకెళ్లండి, పూట గడిచేదాకా బేరం ఎత్తకండి. తోడు కావాలంటే మా సూరి మావయ్య సిద్ధం. తల వైపు మాత్రమే నిలబెట్టండి.