వంద కణాల లెక్క

ల్యాబ్ టెక్నీషియన్ ట్రైనింగుకు ఏమేం రావాలని పిల్లలెవరైనా అడిగితే, పటాన్‌చెరు ల్యాబులో నన్ను చేర్చుకున్న రోజు సంగతే చెబుతుంటాను. ప్రశ్నలు అడుగుతారనుకుని రాత్రంతా బైపీసీ పుస్తకాలు తిరగేసి వెళ్లాను. అక్క అన్నట్టు అందరూ ఆపా అని పిలిచే సీనియర్ టెక్నీషియన్ ఒక్క ప్రశ్నా అడగలేదు. ఎరుపు, ఊదా, బూడిద రంగు మూతలున్న రక్తం గొట్టాలు బల్ల మీద కుప్ప పోసి, రంగుల వారీగా సర్దమన్నారు. చేతులు చాపించి, వేళ్ల మీద కాగితం పరిచి, అది వణుకుతుందేమో చూశారు. మూత్రం డబ్బా మూత తీసి నా ముక్కు కింద పెట్టి, డబ్బా వైపు కాకుండా నా మొహం వైపు చూశారు. చివరికి నా ఫోన్ తీసుకుని, గోడకు ఎదురుగా కుర్చీ వేసి అరగంట కూర్చోబెట్టారు.

"పనికొస్తవ్. రేపటి సంది రా," అన్నారు.

మాకు సంగారెడ్డి మార్కెట్లో కిరాణా దుకాణం ఉంది. చిన్నప్పటి నుంచి నాకో గర్వం. పప్పు డబ్బాలో చేయి పెట్టి తీస్తే పావుకిలో అంటే పావుకిలోనే వచ్చేది. "మా పోరి అందాజ తప్పదు," అని నాన్న గిరాకీల ముందు గొప్పలు పోయేవాడు. తక్కెడ ఉన్నది వాళ్ల తృప్తి కోసమే అన్నట్టు నేనూ నిలబడేదాన్ని.

ల్యాబులో ఆర్నెల్లు తిరిగేసరికి నా అంతటిదాన్ని నేనే అనుకున్నాను. అవతలివాళ్లకు దొరకని నరం నాకు దొరికేది. ఏడ్చే పిల్లలకు కబుర్లు చెబుతూ రక్తం తీసేదాన్ని. ఇక మిగిలింది మైక్రోస్కోపే.

ఆ రోజు గడ్డపోతారంలోని ఓ మందుల ఫ్యాక్టరీ నుంచి నలభై మంది కార్మికుల రక్తం వచ్చింది. కణాలు లెక్కించే మెషీన్ రిపేర్లో ఉంది. రక్తంలోని తెల్ల కణాల్లో ఐదు రకాలుంటాయి. స్లైడ్ మీద వంద కణాలు చూసి, ఏ రకం ఎన్ని ఉన్నాయో రాయాలి. ఏదైనా రకం మరీ పెరిగినా తగ్గినా ఒంట్లో ఏదో నడుస్తోందని డాక్టరుకు తెలిసేది ఆ అంకెలతోనే.

ఆపా స్లైడ్ల ట్రే నా ముందు పెట్టారు. "జెర నిమ్మలంగ సూడు, జల్దీ ఏం లేదు. ఒక్కోదాన్ల వంద. తొంభై తొమ్మిది కాదు. ఇయ్యాల నీ లెక్క మంచిగొస్తే వచ్చే నెల సంది ఈ కుర్సీ నీదే, రిపోర్టు మీద సంతకం నీదే. లేకుంటే మల్ల మూడు నెలలు కౌంటర్ల కూసోని వచ్చినోళ్ల పేర్లు రాసుడే."

మొదటి ఎనిమిది స్లైడ్లు నిజంగానే లెక్కపెట్టాను. అన్నిట్లోనూ ఇంచుమించు అవే అంకెలు. న్యూట్రోఫిల్స్ అనే రకం అరవై దాకా, లింఫోసైట్స్ ముప్పై పైన, మిగతావి నాలుగైదు. తొమ్మిదో దానికి దుకాణం చేయి లేచింది. ఓ మూల చూసి, ఇంకో మూల చూసి, అరవై, ముప్పై మూడు అని రాసేశాను. ఆ తర్వాత అన్నీ అంతే. ఒకే అంకెలు కనిపిస్తే అనుమానం వస్తుందని ఒకచోట రెండు పెంచి, ఒకచోట మూడు తగ్గించాను. ఆ తెలివి నాకెవరూ నేర్పలేదు.

భోజనం వేళకు ముందే కాగితం ఆపా చేతిలో పెట్టాను. ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ రిపోర్టుల కోసం అప్పటికే బయట బెంచీ మీద కూర్చున్నాడు. ఆపా కాగితం కిందికి చదువుతూ పోయి ముప్పై ఒకటో నంబరు దగ్గర వేలు ఆపారు.

"ఇది లెక్కవెట్టినవా?"

"పెట్టిన ఆపా."

"వంద?"

"వంద."

ఆవిడ ఆ స్లైడ్ తీసి మైక్రోస్కోప్ కింద పెట్టారు. "మల్ల వెట్టు. నా ముంగట."

కణాల రకానికొకటి ఉండే లెక్కింపు మీటలు నొక్కడం మొదలుపెట్టాను. లింఫోసైట్ మీట. మళ్లీ అదే. మళ్లీ అదే. ఇరవై దాటినా అదే. యాభై దగ్గర ఆగి, స్లైడ్ నంబరు సరిచూసుకున్నాను. మధ్యమధ్య కొన్ని కణాలు నలిగి ముద్దలై ఉన్నాయి. పొద్దున వాటిని చూసి, స్లైడ్ మీద రక్తం సరిగా పరచలేదులే అనుకున్నాను. వంద పూర్తయ్యేసరికి లింఫోసైట్స్ ఎనభై రెండు. నేను రాసింది ముప్పై నాలుగు.

కుర్చీలోంచి లేచాను. "ఎవరిది ఆపా ఇది? బయట ఫ్యాక్టరీ ఆయనున్నడు, చెప్పాలె. ఆ మనిషిని జల్దీ దవాఖానకు..."

"ఫ్యాక్టరీ మనిషిది కాదు. నలభై మందికి నలభై ఒక్క స్లైడ్లు ఎట్లున్నయో అదన్న సూడలే నువ్వు." ఆపా కుర్తా చేయి పైకి మడిచారు. మోచేతి మడతలో చిన్న దూది, దాని మీద టేపు. "పొద్దుగాల తీయించుకున్న. నాది."

ఆవిడే చెప్పారు. రక్త క్యాన్సర్‌లో అదో రకమట, నెమ్మదిగా నడిచేది; ఆ నలిగిన కణాలూ దాని గుర్తేనట. ఐదేళ్లుగా ఉందట. మూడు నెలలకోసారి హైదరాబాద్ వెళ్లి చూపించుకుంటారట. రోజూ ఆ గదిలోనే, నా పక్క కుర్చీలోనే ఉన్న మనిషి. నేను ఆవిడ టిఫిన్ డబ్బాలోంచి కీమా తీసుకుని తిన్నదాన్ని.

ఆపా లేచి వెళ్లి, రిపోర్టులు రేపు ఇస్తామని సూపర్‌వైజర్‌ను పంపించేశారు. ఆయన గొణుక్కుంటూ పోయాడు. నేను మొదటి స్లైడ్ నుంచి మళ్లీ మొదలుపెట్టాను. సాయంత్రం దాకా తల ఎత్తలేదు. ఒక్కో దానికి వంద లెక్కపెట్టాను. నలభైకి నలభై నేను పొద్దున రాసినవాటికి దగ్గరగానే వచ్చాయి. సిగ్గులేని మనసు, ఆ అలసటలో కూడా కాస్త పొంగింది.

"ఎన్ని తప్పొచ్చినయ్?" ఆపా బుర్ఖా వేసుకుంటూ అడిగారు.

"ఒక్కటే ఆపా," అన్నాను. అన్నాక, ఏమన్నానో నాకే వినిపించింది.

ఆవిడ కోప్పడలేదు. నా పాత కాగితం బల్ల మీదే ఉంటే తీసి, ముప్పై ఒకటో నంబరు మరోసారి చూసుకున్నారు.

"రేపటి సంది కౌంటర్ల కూసో," అన్నారు. "నిజం చెప్తున్న బిడ్డా, నువ్వు తప్పు రాసినవని ఎరుకే. అయినా ఇది సదువుతుంటే, ఒక్క నిమిషం నాకు మంచిగనిపించింది."